నాపరాయి నేల, గొర్రెల మంద: కొన్ని అపోహలు, వాస్తవాలు

పశువైద్యుడిగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టూనే గడిచింది. ఇప్పుడవన్నీ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. అక్కడ ఇంటి గోడ నాపరాయి (అదీ ఒక రకం సున్నపురాయే), నేల మీద పరిచేది నాపరాయి, పశువులు నీళ్లు తాగే తొట్టి కూడా నాపరాయే. గొర్రెకు జబ్బు చేసిందని పిలిస్తే, గొర్రెను చూసే ముందు అది మేసిన నేలను చూడటం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు రావడానికి కారణం ఈ కింది మాటలే. ఇవన్నీ వందసార్లు విన్నవి. కొన్ని నేనూ నమ్మినవి.

అపోహ: ఈ నేల మొదట్నుంచీ బీడే, ఇక్కడ నీళ్లే లేవు.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. దానికి కర్నూలు పేరు కలిపి రైనోసరస్ కర్నూలియెన్సిస్ అన్నారు. గడ్డీ నీళ్లూ లేనిచోట ఖడ్గమృగం తిరగదు కదా.

నీళ్లు ఇప్పుడూ ఉన్నాయి, కాకపోతే అడుగున ఉన్నాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీరు కాస్త పులుపెక్కుతుంది. అది పగుళ్లలోకి దిగి సున్నపురాయిని ఏళ్ల తరబడి కరిగిస్తుంది. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహ అలా తొలిచిందే. పైన వాగు ఎండినా లోపల పాతాళగంగ అనే నీటిపాయ పారుతూనే ఉంటుంది. అన్నట్టు, ఈ రాయిలో గవ్వల కోసం వెతక్కండి. గవ్వ కట్టే జీవులు ఇంకా పుట్టని కాలంలో సముద్రం అడుగున పేరుకున్న రాయి ఇది. యాగంటి బసవన్న పెరుగుతున్నాడా లేదా అని కూడా నన్నడగొద్దు, నేను పశువుల డాక్టర్ని మాత్రమే.

అపోహ: సున్నం నేల కాబట్టి ఇక్కడి జీవాలకు ఎముక పుష్టి ఎక్కువ.

"ఏం సార్, సున్నం మీదే మేస్తాయి, మళ్లీ లవణాల మిశ్రమం ఎందుకు?" అని ఒక కాపరి అడిగితే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా అనుకున్నాను. తర్వాత ఒక మందలో గొర్రెలు ఎండిపోయిన ఎముకలు నములుతూ కనిపించాయి. అప్పుడు పుస్తకం తిరగేశాను.

ఎముకకు కాల్షియం ఒక్కటే చాలదు, భాస్వరం కూడా కావాలి. సున్నం ఎక్కువున్న నేలలో భాస్వరం కాల్షియంతో బిగుసుకుపోతుంది, గడ్డి వేరుకు అందదు. గడ్డిలో లేనిది గొర్రెకెక్కడిది? అందుకే అవి ఎముకలు, చెప్పులు, గుడ్డపేలికలు నములుతాయి. దాన్ని పొగరనో పాడు బుద్ధనో అనుకుని కొట్టడం కంటే దాణాలో లవణ మిశ్రమం కలపడం నయం. ముఖ్యంగా చూలు గొర్రెలకు.

అపోహ: తొలకరి తర్వాత మంచి మంచి పిల్లలే చస్తాయి, అది దిష్టి.

మంచి పిల్లలే చస్తాయన్నది మాత్రం నిజం. దాన్నే చిటుకు రోగం అంటారు. నాపరాయి మీద మట్టి పలచన. ఒక్క వాన పడితే చాలు, రాతిగట్టంతా లేత పచ్చగా లేస్తుంది. వేసవంతా ఎండుగడ్డి, కంప కొరికిన మంద ఒక్కసారిగా దాని మీద పడుతుంది. పేగులో మామూలుగానే ఉండే ఒక సూక్ష్మజీవి అప్పుడు విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. బలంగా ఉన్న పిల్ల ఎక్కువ మేస్తుంది, ముందు అదే పడిపోతుంది. సాయంత్రం ఎగిరిన పిల్ల తెల్లారేసరికి ఉండదు. వానలకు ముందే, మే నెలలోనే టీకా వేయించండి. మొదటి వారం పచ్చిక మీదికి ఖాళీ కడుపుతో తోలకండి. నిమ్మకాయలు కట్టుకుంటే కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, టీకా మాత్రం మానొద్దు.

అపోహ: చచ్చిన గొర్రెను పాత క్వారీ గుంతలో పడేసి, పైన సున్నం చల్లితే సరిపోతుంది.

ఇది చదివి మిగతావి మరిచిపోయినా ఫర్వాలేదు.

మట్టి లోతుగా ఉన్న నేలలో నీరు దిగుతూ దిగుతూ కొంత వడకట్టుకుంటుంది. ఇక్కడ ఆ వడపోత లేదు. క్వారీ అడుగున పగులుంటే కుళ్లిన నీరు నేరుగా లోపలి దారుల్లోకి పోతుంది. ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పాతాళగంగ బెలుం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్లు అంటారు. పర్యాటకులు రాకముందు అదే గుహలో చుట్టుపక్కల ఊళ్ల చెత్త పోసేవాళ్లు. రెండు మాటలూ కలిపి ఆలోచించండి.

ఇక సున్నం సంగతి. గొర్రె హఠాత్తుగా చచ్చి, కడుపుబ్బి, ముక్కులోంచీ వెనకనుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అయ్యుండొచ్చు. తోలు తీయొద్దు, కోయొద్దు, "కూర దండగవుతుంది సార్" అనొద్దు. కోస్తే గాలి తగిలి సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ రూపంలో దశాబ్దాలు బతుకుతుంది, మనిషికీ అంటుకుంటుంది. అది ఎక్కువ కాలం నిలిచేది సున్నం ఎక్కువున్న నేలల్లోనే. అలాంటి కళేబరం మీద సున్నం చల్లడం దానికి మేలు చేసినట్టే అవుతుంది. ఆరడుగుల లోతున పాతాలని మా నిబంధన, కానీ ఇక్కడ అడుగు తవ్వితే బండ తగులుతుంది. అలాంటి చోట పూర్తిగా కాల్చేయడమే దారి. ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

అపోహ: గొర్రెలు నేలను నాకేస్తాయి, కాపరులు ఊరికి బరువు.

కోతలయ్యాక కుందూ లోయ నల్లరేగడి రైతులు మందను పిలిపించి పొలంలో పెట్టించుకునేవాళ్లు. ఎన్ని జీవాలు, ఎన్ని రాత్రులు అని బేరమాడి ధాన్యమో డబ్బో ఇచ్చేవాళ్లు. పగలు గట్టు మీద మేసింది రాత్రి పొలంలో పెంట, మూత్రంగా దిగుతుంది. రోజుకొక జాగాకు దడి జరుపుతారు. ట్రాక్టరు పోలేని చోటి సారాన్ని కాళ్ల మీద నడిపించి తెచ్చే పద్ధతి ఇది.

గట్టు వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడినుంచి పోవడమే తప్ప తిరిగి రావడం లేదు. ఒకే చోట ఏడాదంతా మేపితే నేల చిక్కిపోతుంది, ఆ మేరకు విమర్శ న్యాయమే. వలస పోయే మందకు ఆ చిక్కు తక్కువ. ఇప్పుడు బాటలకు క్వారీలు, రాతి ముక్కల గుట్టలు అడ్డం రావడంతో మందలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. నాకేసింది గొర్రెలని అనేముందు బాట ఎవరు మూశారో కూడా అడగాలి.

కాపరికి అక్షరం ముక్క రాదనే మాట కూడా వింటుంటాను. వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట పశువులు కాశారని, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారని ఆ ఊరి పరంపర. అక్కడివాళ్లతో ఆ మాట అని చూడండి.

చివరిగా, ఇక్కడి గొర్రె నుంచి కంబళి వస్తుందా అని కొందరడుగుతారు. రాదు. ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతికి, తెల్లటి పల్ల రకానికైనా, కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే జొడిపికైనా, ఒంటి మీద వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. కంబళి కావాలంటే దక్కని నల్లగొర్రెల వాళ్లను అడగాలి.