బొగ్గు జిల్లాలో సోలార్: మేడ ఎక్కినప్పుడల్లా వినే అపోహలు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఇళ్ల మీద సోలార్ ప్లేట్లు బిగించడం నా పని. బల్లార్‌పూర్, రాజురా, ఘుగ్గుస్... బొగ్గుబాయి పని కోసం తాతల కాలంలో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలే నన్ను ఎక్కువగా పిలుస్తాయి. నిచ్చెన వేసేలోపే ప్రశ్నలు మొదలవుతాయి. ఎండనూ వేడినీ, కిలోవాట్‌నూ యూనిట్‌నూ ఒకటే అనుకోవడంతోనే సగం తికమక.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.

మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు మామూలే. అలాంటి ఒక మధ్యాహ్నం, గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఫోన్ చేశాడు. నేను ఆయన్ను కాకా అంటాను, మరాఠీకీ మనకూ కలిసొచ్చిన పిలుపు. "ఇంత ఎండలో కూడా మీటరు ఫిబ్రవరిలో తిరిగినంత తిరగడం లేదు బిడ్డా, నకిలీ ప్లేట్లు పెట్టావా ఏమిటి?" అని నిలదీశాడు.

మేడ ఎక్కి ప్లేటు వెనుక భాగానికి థర్మామీటరు గన్ గురిపెట్టాను. 68 డిగ్రీలు. కాకాకు చూపించాను.

ప్లేటుకు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. స్టిక్కరు మీద ఉండే 540 వాట్లన్నది లోపలి సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఆపైన పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం కోత పడుతుంది. 43 డిగ్రీలు పెరిగితే 15 శాతం పోయినట్టే, అంటే 540 కాస్తా 460కి దిగుతుంది. పైగా మే నెలలో సూర్యుడు ఇక్కడ నడినెత్తికి వస్తాడు. దక్షిణానికి వాల్చిన ప్లేటు మీద ఎండ నేరుగా పడదు. పగలు పొడవు కాబట్టి రోజు మొత్తానికి యూనిట్లు బాగానే వస్తాయి. మిట్టమధ్యాహ్నపు వాట్లలో మాత్రం ఫిబ్రవరిదే పైచేయి. అందుకే కప్పుకూ ప్లేటుకూ మధ్య గాలి ఆడే జాగా వదులుతాను. రేకులకు అతుక్కునేలా బిగించమని ఎంత బతిమాలినా వినను.

అపోహ: దుమ్మును వాన కడిగేస్తుంది.

వానలు పడే నాలుగు నెలలూ కడుగుతుంది. మిగతా ఎనిమిది నెలల మాటేమిటి? ఘుగ్గుస్‌లో వారం తర్వాత ప్లేటు మీద వేలు పెట్టి గీస్తే వేలు కాటుక పట్టినట్టు నల్లబడుతుంది. ఆ బొగ్గు పొడికి మంచు తోడైతే ప్లేటు కింది అంచున పేరుకుపోతుంది. తెల్లవారుజామున మెత్తటి గుడ్డతో, ఉప్పు తక్కువున్న నీళ్లతో కడగండి. బోరు నీళ్లు కొట్టి అలాగే ఆరబెడితే తెల్లటి మచ్చలు పడతాయి, అవి తొందరగా వదలవు. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుంది.

బ్యాటరీ ఉంటే తిరుగుతుంది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఇన్వర్టరు మాత్రం లైను పోగానే తనంతట తానే ఆగిపోవాలి. ఆగకపోతే మీ మేడ మీది కరెంటు వెనక్కి పోయి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు తగులుతుంది.

అపోహ: "ముఫ్త్ బిజిలీ" కాబట్టి అంతా ఉచితం.

ఇళ్ల మీద సోలార్ కోసం 2024లో మొదలైన కేంద్ర పథకం పేరు "పీఎం సూర్య ఘర్: ముఫ్త్ బిజిలీ (ఉచిత కరెంటు) యోజన". ఆ పేరు తెచ్చిన తంటా ఇది. సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు. 3 కిలోవాట్లు పెట్టినా 10 పెట్టినా 78,000 దాటదు. అదీ ప్లాంటు బిగించి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. బిల్లులో స్థిర ఛార్జీ ఎలాగూ ఉంటుంది.

అపోహ: దేశంలో సగం కరెంటు ఇప్పటికే బొగ్గు లేకుండా వస్తోంది.

2025 జూన్‌లో సగం దాటింది స్థాపిత సామర్థ్యం, అంటే యంత్రాలన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగినంత. సోలార్, గాలి, జల, అణు విద్యుత్తు అన్నీ కలిపిన లెక్క అది. ఒక కిలోవాట్ యంత్రం రోజంతా ఆగకుండా తిరిగితే 24 యూనిట్లు రావాలి. మేడ మీది ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. అందుకే సామర్థ్యంలో బొగ్గు వాటా సగం కన్నా తక్కువే అయినా, తయారయ్యే ప్రతి నూరు యూనిట్లలో డెబ్బై చుట్టుపక్కల ఇంకా బొగ్గువే.

మన ఊరి థర్మల్ ప్లాంటుకు ఈ లెక్కతో నేరుగా సంబంధం ఉంది. దాని సామర్థ్యం 2,920 మెగావాట్లు. మధ్యాహ్నం సోలార్ పొంగినప్పుడు బొగ్గు కరెంటు తగ్గాలి, పొద్దు గూకి ఇళ్లలో లైట్లు పడగానే మళ్లీ పెరగాలి. అంత పెద్ద బాయిలరును గ్యాస్ పొయ్యిలా తిప్పితే గొట్టాలు అలసిపోతాయి, మరమ్మతులు పెరుగుతాయి. అయినా 55 శాతం లోడుకు, ఆ తర్వాత దశలవారీగా 40 శాతానికి దిగగలిగేలా సిద్ధం కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన పెట్టింది. సాయంత్రం లోటు పూడ్చడానికి, కొత్త సోలార్ టెండర్లలో సామర్థ్యంలో కనీసం 10 శాతానికి రెండు గంటల కరెంటు నిల్వ ఉండాలని 2025 ఫిబ్రవరిలో సూచించింది. నా దృష్టిలో అసలు పని ఆ నిల్వే. ప్లేట్లు బిగించడం అందరం నేర్చేసుకున్నాం.

అపోహ: బొగ్గు పోయినా ఆ ఉద్యోగాలన్నీ సోలార్‌లో దొరుకుతాయి.

సోలార్ అమ్మేవాళ్లు ఈ మాట అనడం చూస్తే నాకు కోపం వస్తుంది, నేనూ అమ్మేవాణ్నే అయినా. 3 కిలోవాట్ల ప్లాంటు బిగించడానికి ముగ్గురం, రెండు రోజులు. ఆ తర్వాత పాతికేళ్లలో ఆ ఇంట్లో మాకు దొరికే పని చాలా తక్కువ. గనిలో పర్మనెంట్ కార్మికుడికి నెల జీతం, ప్రావిడెంట్ ఫండ్, ఆసుపత్రి ఉన్నాయి. నా కుర్రాళ్లకు రోజుకూలి. గని మూసేటప్పుడు నేలను సరిచేయడానికి 2009 నుంచి కంపెనీలు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప వాడకూడని విడి ఖాతాలో, డబ్బు జమ చేయాల్సిందే. గుంత పూడ్చడానికి అలా ఒక ఖాతా ఉంది. కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి అలాంటి ఖాతా లేదు.

నా దగ్గర పనిచేసే కుర్రాడి తండ్రి గనిలోనే ఉన్నాడు. గనిలో ఉద్యోగాల ప్రకటన పడితే మొదట ఫారం నింపేది తానేనని వాడు నా ముందే అంటాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు.