వదిలితే చల్లబడాల్సిందేనా? వాయువుల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: గట్టిగా నొక్కితే ఏ వాయువైనా ద్రవమైపోతుంది.
కాదు. ప్రతి వాయువుకీ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకంటే వేడిగా ఉన్నంతసేపూ ఎంత నొక్కినా ద్రవం కాదు. కార్బన్ డయాక్సైడ్‌కి అది 31 డిగ్రీల సెల్సియస్, నైట్రోజన్‌కి మైనస్ 147. అందుకే గదిలో ఉన్న నైట్రోజన్ సిలిండర్‌లో 150 బార్ల పీడనం (మామూలు గాలి పీడనానికి దాదాపు 150 రెట్లు) ఉన్నా లోపల ఒక్క చుక్క ద్రవం ఉండదు.

అపోహ: పీడనం తగ్గితే వాయువు చల్లబడి తీరుతుంది.
వాయువులతో చేసే ఈ పనిలోకి రాకముందు నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. వాల్వ్ సందులోంచి వదిలితే నైట్రోజన్ చల్లబడే మాట నిజమే. గది ఉష్ణోగ్రత దగ్గర పీడనం తగ్గిన ఒక్కో బార్‌కి సుమారు 0.2 డిగ్రీలు తగ్గుతుంది. అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కదా, విడిపోవాలంటే శక్తి కావాలి. అది వాటి వేగంలోంచే పోతుంది. హైడ్రోజన్, హీలియంలలో ఆ లాగుడు చాలా తక్కువ. గది ఉష్ణోగ్రతలో వికర్షణదే పైచేయి కాబట్టి అవి ఉల్టా కాస్త వేడెక్కుతాయి. (ఆ వేడి కొద్ది డిగ్రీలే. హైడ్రోజన్ లీకైతే దానంతటదే అంటుకోవడానికి ఇదే కారణమన్న మాట నమ్మకండి.) వాల్వ్‌తో చల్లబరచాలంటే హైడ్రోజన్‌ని ముందే మైనస్ 70 కంటే, హీలియంని సుమారు మైనస్ 230 కంటే కిందికి దించాలి. వాటిని ద్రవంగా మార్చడానికి 1898లో శాస్త్రవేత్త డ్యూవర్ ద్రవ గాలితో హైడ్రోజన్‌ని, 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో శాస్త్రవేత్త ఆన్స్ ద్రవ హైడ్రోజన్‌తో హీలియంని ముందుగా చల్లబరిచింది ఇందుకే. అదే వాయువు చేత టర్బైన్ తిప్పించారనుకోండి, ఈ పేచీ లేదు. పని చేసిన మేరకు హీలియం కూడా చల్లబడుతుంది.

అపోహ: ద్రవ నైట్రోజన్ నుంచి లేచే తెల్లపొగ నైట్రోజనే.
నైట్రోజన్ కంటికి కనబడదు. ఆ పొగ గదిలోని తేమ. పొగ లేనిచోట ప్రమాదం లేదనుకోవడమే అసలు టెన్షన్. లీటరు ద్రవం 700 లీటర్ల దాకా వాయువై గదిలోని ఆక్సిజన్‌ని పక్కకి నెట్టేస్తుంది. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. ఆక్సిజన్ అలారం మోగితే బయటికి నడవడమే.

అపోహ: గొట్టం కింద చుక్కలు పడుతున్నాయంటే లీకే.
కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి కంగారుగా స్పానర్ తెచ్చాడు. ద్రవ నైట్రోజన్ పారుతున్న రాగి గొట్టం, పైన తొడుగు లేదు. అడుగున లేత నీలం చుక్క ఊరి, వేలాడి, జారింది. అది లోపలిది కాదు, బయటి గాలే. నైట్రోజన్ ద్రవం కావాలంటే మైనస్ 196 దాకా దిగాలి, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గరే ద్రవమవుతుంది కాబట్టి ఆ చుక్కలో దాదాపు సగం అదే. బిగించడానికేమీ లేదని స్పానర్ పక్కన పెట్టించాను. కింద గ్రీజు మరకలున్న గుడ్డ పడి ఉంటే ముందు దాన్ని తీయించాను, ఆక్సిజన్ ఎక్కువున్న చుక్క గ్రీజు మీద పడితే తేలిగ్గా అంటుకోవచ్చు కాబట్టి.