లేటుగా పడ్డ పిన్ను: లక్కా, మెషినా?

హైదరాబాద్ మాల్స్‌లో బౌలింగ్ (లేన్ అనే దారి మీద బంతి దొర్లించి, చివర్లో నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట) ఆడేవాళ్ల మధ్య ఒక పేచీ తరచూ వస్తుంది. బంతి వెళ్లిపోయింది, తొమ్మిది పిన్నులు పడ్డాయి, కుడి మూలన పదో పిన్ను మాత్రం నిలబడే ఉంది. అంతలో ముందువరస పిన్ను ఎడమ గోడకు కొట్టుకుని, అడ్డంగా దొర్లుకుంటూ వచ్చి దాన్ని పడగొడుతుంది. స్ట్రైక్, అంటే ఒక్క బంతికే పది పిన్నులూ పడ్డట్టు! ఇలా దొర్లే పిన్నును మెసెంజర్ అంటారు. "పిన్నులు ఎత్తి నిలబెట్టే మీ మెషిన్ స్లో కాబట్టి పడింది, మా లేన్‌లో అయితే ఈపాటికి ఎత్తేసేది" అని పక్కవాళ్లు గొడవకు దిగుతారు. వాళ్లు అన్నదాంట్లో నిజం లేకపోలేదు.

ఒకప్పుడు పిన్నులు నిలబెట్టింది కుర్రాళ్లే. అమెరికాలో బాల కార్మికుల మీద లూయిస్ హైన్ తీసిన ఫొటోల్లో ఈ పిల్లలు కనిపిస్తారు. ఒక్కో పిన్ను కిలోన్నర పైనే బరువు. అది ఎగిరివచ్చి తగిలితే దెబ్బ గట్టిదే. పిన్నులు నిలబెట్టే పని చేసేలా ఫ్రెడ్ ష్మిట్ కనిపెట్టిన యంత్రం హక్కులు ఏఎంఎఫ్ కంపెనీ కొంది, 1946లో అమెరికాలోని బఫెలో నగరంలో జనానికి చూపించింది. 1950లలో అవి లేన్లకు చేరాయి. 1956లో బ్రన్స్‌విక్ కంపెనీ కూడా రంగంలోకి దిగింది. పిల్లలకు ఆ చాకిరీ తప్పడం నిజంగా మంచి మార్పు. అయితే పిన్నులు పడటానికి ఎంత సమయం ఇవ్వాలన్నది అప్పటినుంచి యంత్రం చేతిలోకి వెళ్లింది.

బంతి పడ్డాక ముందు స్వీప్ బార్ (పడ్డ పిన్నులను ఊడ్చేసే అడ్డపట్టీ) దిగి పిన్నుల ఎదుట ఆగుతుంది. ఆట ఇంకా అయిపోలేదు. ఆగి ఉన్న ఆ బార్‌కు కొట్టుకుని వెనక్కి వచ్చిన పిన్ను మరోదాన్ని పడేసినా లెక్కలోకే వస్తుందని రూల్ చెబుతోంది. తర్వాత పైనుంచి టేబుల్ అనే మెషిన్ భాగం దిగి, నిలబడ్డ పిన్నులను పట్టుకుని లేపుతుంది. మెసెంజర్‌కు ఉన్న టైమ్ అంతవరకే. యంత్రమే తగిలి పిన్ను పడితే అది చెల్లదు. కాబట్టి టేబుల్ లేటుగా దిగే లేన్‌లో మెసెంజర్‌కు ఇంకో క్షణం దొరుకుతుంది.

ఇప్పుడు తాళ్లకు కట్టిన పిన్నుల మెషిన్లు కూడా వచ్చాయి. ఖర్చు తక్కువ, రిపేర్లు తక్కువ. కానీ తాడు ఉన్నాక పిన్ను స్వేచ్ఛగా దొర్లదు. అమెరికా బౌలింగ్ సంస్థ 2023లో దీన్ని విడి విభాగంగా గుర్తించింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం, ఆ రెండు స్కోర్లనూ ఒకే గాటన కట్టకూడదు.

లీగుల్లో ఆటగాళ్లు ఫ్రేమ్‌కో (ఆటలో ఒక్కో వంతుకో) లేన్ చొప్పున పక్కపక్క లేన్లు మారుతూ ఆడతారు. స్లో మెషిన్ ఇద్దరికీ సమానంగా వస్తుంది. మాల్‌లో సరదా ఆటకు ఒకే లేన్ చాలు. మన నగరంలో ప్రైజు పెట్టి పోటీ నడిపేవాళ్లు మాత్రం లేన్లు మార్చి ఆడించాలి, మొదలుపెట్టే ముందు ప్రతి మెషిన్ టైమింగ్ సరిచూడాలి.