అద్దె ఇంటికి పోలీసులు వస్తే ఓనర్‌కి ఫైనా? న్యూసెన్స్ లెటర్ల మీద అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒకే వారంలో నాకు మూడు ఫోన్లు వచ్చాయి. ముగ్గురూ మనవాళ్ళే. ముగ్గురికీ ఇక్కడ ఒహాయోలో ఒకటో రెండో అద్దె ఇళ్ళున్నాయి, వాళ్ళు మాత్రం టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. ముగ్గురికీ సిటీ నుంచి దాదాపు ఒకే రకం లెటర్. మీ ఇంటికి ఇన్ని నెలల్లో ఇన్నిసార్లు పోలీసులు రావలసి వచ్చింది, ఇది న్యూసెన్స్ ప్రాపర్టీ, ఇకపై వచ్చిన ప్రతిసారీ ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాం అని. ముగ్గురూ నాకు ఫోన్ చేసేముందే వాట్సాప్ గ్రూపులో అడిగేశారు, ముగ్గురికీ అక్కడ ఒకే సలహా దొరికింది, అది పూర్తిగా తప్పు సలహా. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పదకొండేళ్ళుగా ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ చేస్తున్నాను. లాయర్ని కాదు. కానీ ఈ లెటర్లు ఎన్నో చూశాను, వాటికి జవాబులు రాయించాను, సిటీ హియరింగుల్లో కూర్చున్నాను.

ముందుగా ఒక మాట. మీ కోపం న్యాయమైనదే. వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్న మనిషిని, ఏ నేరమూ చేయని మనిషిని, డీడ్ మీద పేరుందని శిక్షించడం ఏమిటని అడుగుతున్నారు. నేనూ అదే అడుగుతాను. పోలీసులు ఆపలేని నేరాన్ని ఓనర్ ఎలా ఆపుతాడు? 1992లో అరిజోనాలోని మీసా పోలీసులు క్రైమ్ ఫ్రీ హౌసింగ్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఓనర్లకు ట్రైనింగ్ ఇవ్వడం, లీజులో నేరాల గురించి ఒక అడెండమ్ (అదనపు షరతుల పేజీ) పెట్టించడం దాని ఉద్దేశం. అది ఊరూరా పాకింది. చాలాచోట్ల స్వచ్ఛందంగా ఉండాల్సింది తప్పనిసరి అయింది, దానికి తోడు న్యూసెన్స్ ఆర్డినెన్సులు, అంటే ఏ ఊరికి ఆ ఊరు చేసుకునే స్థానిక చట్టాలు, వచ్చాయి. ఇన్ని కాల్స్ దాటితే ఓనర్‌కి ఫైన్, ఇంకా దాటితే రెంటల్ లైసెన్స్ రద్దు. కొన్నిచోట్ల టెనెంట్‌ని ఖాళీ చేయించకపోతే ఓనర్‌దే తప్పు.

ఇక అసలు విషయం.

అపోహ: "టెనెంట్‌ని 911కి (ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేయొద్దని చెప్పెయ్యి, వినకపోతే ఖాళీ చేయించెయ్యి, సిటీ నిన్ను వదిలేస్తుంది."

దయచేసి ఈ పని చేయకండి. మిగతా అపోహలన్నీ కలిపినా మన ఓనర్లకు ఇంత నష్టం చేయలేదు. ఇంట్లో ఉన్న మనిషికి జరిగే నష్టం ఇంకా పెద్దది.

పెన్సిల్వేనియాలో నారిస్‌టౌన్ అని ఒక ఊరుంది. అక్కడి ఆర్డినెన్స్ ప్రకారం నాలుగు నెలల్లో మూడుసార్లు గొడవల మీద పోలీసులు వస్తే ఇంటి రెంటల్ లైసెన్స్ పోయేది. అక్కడ ఒకావిడని మాజీ ప్రియుడు కొట్టేవాడు. ఇంకోసారి ఫోన్ చేస్తే ఇల్లు పోతుందని ఆమెకు తెలుసు, అందుకే ఫోన్ చేయడం మానేసింది. 2012లో అతను పగిలిన గాజుముక్కతో ఆమె మెడ మీద పొడిచాడు. అప్పుడు కూడా ఆమె పక్కింటివాళ్ళను పోలీసులకు చెప్పొద్దని బతిమాలింది. చివరికి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె ఇంటికి తిరిగొచ్చాక సిటీ ఇంటి లైసెన్స్ తీసేసి, ఆమెను ఖాళీ చేయించమని ఓనర్ మీద ఒత్తిడి పెట్టింది. 2013లో కేసు పడింది, 2014లో ఆ ఊరు 4,95,000 డాలర్లు కట్టి ఆర్డినెన్స్ రద్దు చేసుకుంది. ఆ ఏడాదే పెన్సిల్వేనియా రాష్ట్రం సహాయం కోసం ఫోన్ చేసిన బాధితుల్ని ఊళ్ళు శిక్షించకూడదని చట్టం చేసింది.

ఇదేదో ఒక ఊరి కథ అనుకోకండి. మిల్వాకీలో 2008, 2009ల్లో ఓనర్లకు ఇచ్చిన న్యూసెన్స్ నోటీసుల మీద ఒక అధ్యయనం జరిగింది. వాటిలో మూడోవంతు దాకా గృహహింస గొడవల వల్ల వచ్చినవే, ఓనర్లలో ఎక్కువమంది చేసిన పని బాధితురాలిని ఖాళీ చేయించడం, లేదా ఖాళీ చేయిస్తామని బెదిరించడం. మిజోరీలో మేపుల్‌వుడ్ అనే ఊళ్ళో 180 రోజుల్లో రెండుకు మించి గృహహింస కాల్స్ వస్తే ఆ కాల్ చేసినావిడ ఊళ్ళోనే ఉండకూడదన్నారు. దాని మీదా కేసు పడింది, 2018లో రాజీ అయింది.

ఇప్పుడు ఓనర్‌గా మీకు కావాల్సిన ముక్క. 2022లో అమెరికా కాంగ్రెస్ మహిళలపై హింస నిరోధక చట్టాన్ని, అదే వావా, పొడిగించినప్పుడు అందులో ఇంటి నుంచి నేరాన్నీ ఎమర్జెన్సీనీ రిపోర్ట్ చేసే హక్కు అని ఒక సెక్షన్ చేర్చింది. ఇది గృహహింసకే పరిమితం కాదు, వావా అన్న పేరు చూసి చాలామంది అలా పొరబడుతున్నారు. సహాయం కోసం ఫోన్ చేసినందుకు, లేదా తన తప్పు లేని నేరం జరిగినందుకు టెనెంట్‌నే కాదు, ఓనర్‌ని కూడా శిక్షించకూడదని అందులో ఉంది. అవును, ల్యాండ్‌లార్డ్ అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది! ఫైన్ వేయడం, వేస్తామని బెదిరించడం, రెంటల్ పర్మిట్ ఇవ్వకపోవడం, న్యూసెన్స్ ప్రాపర్టీ అని ముద్ర వేయడం, ఇవన్నీ శిక్షల కిందే లెక్క. ఫెడరల్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ డబ్బు తీసుకునే సిటీలకు, కౌంటీలకు ఇది వర్తిస్తుంది. మీ సిటీ ఆ డబ్బు తీసుకుంటుందో లేదో సిటీ బడ్జెట్‌లో ఉంటుంది, వాళ్ళనే అడిగినా చెబుతారు. ఈ సెక్షన్ గురించి తెలిసిన ఓనర్ నాకింతవరకు ఒక్కరూ తగల్లేదు. కొన్ని చిన్న సిటీల్లో లెటర్ పంపిన అధికారికి కూడా తెలియలేదు, మేం చెప్పాకే తెలిసింది.

ఇంట్లోనే డ్రగ్స్ అమ్ముతున్న టెనెంట్‌ని ఈ చట్టం కాపాడదు. అలాంటిది తెలిసీ ఊరుకున్న ఓనర్‌నీ కాపాడదు. అది వేరే కేసు, లాయర్ దగ్గరికి వెళ్ళండి.

ఆ ముగ్గురిలో ఒకతను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇక్కడ డూప్లెక్స్ ఉంది. పైపోర్షన్‌లో ఒకావిడ, ఇద్దరు పిల్లలు. మాజీ భర్త వచ్చి తలుపు తన్నుతుంటే ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది. లెటర్ రాగానే ఇతను గ్రూపులో చెప్పినట్టు ఆమెకు మెసేజ్ పెట్టాడు, ఇంకోసారి పోలీసుల్ని పిలిస్తే లీజు రద్దు చేస్తానని. తర్వాత నాకు ఫోన్ చేసి "అన్నా, చెప్పేశాను, ఇక అయిపోయినట్టే కదా" అన్నాడు. మంచివాడే, భయపడ్డాడు. ఈఎమ్‌ఐ కట్టుకుంటూ, ఆ 250 డాలర్ల ఫైన్ ప్రతిసారీ పడితే ఎలా అని రాత్రి నిద్రపోలేదట. కానీ ఆ ఒక్క మెసేజ్‌తో ఫెయిర్ హౌసింగ్ (ఇళ్ళ విషయంలో వివక్ష చూపకూడదనే చట్టం) కంప్లయింట్‌కి కావాల్సిన సాక్ష్యం తన చేత్తో తనే రాసిచ్చాడు. గృహహింస బాధితుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు కాబట్టి, వాళ్ళను అందుకోసం ఖాళీ చేయిస్తే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద ఆడ మగ వివక్ష కేసు పడే అవకాశం ఉంది. కేంద్ర గృహనిర్మాణ శాఖ హడ్‌కి ఫిర్యాదు చేయడానికి ఆమెకు ఏడాది గడువు.

అదే రోజు అతని చేత ఇంకో మెసేజ్ పెట్టించాను. ముందు పంపింది పొరపాటు, మీకు ఎప్పుడు అవసరమైనా 911కి ఫోన్ చేయండి, దాని వల్ల మీ లీజుకి ఏమీ కాదు అని. మర్నాడు తలుపు ఫ్రేముకి ఇనుప ప్లేటు, కొత్త లాక్, వరండాలో లైటు వేయించాం. మొత్తం నాలుగు వందల డాలర్లు కూడా కాలేదు. సిటీకి రాసిన జవాబులో మూడు కాల్సూ బాధితురాలివేనని, 2022 చట్టం ఇదని, మేం చేసిన పనులు ఇవని రసీదులతో పెట్టాం. రెండు వారాల్లో న్యూసెన్స్ నోటీసు వెనక్కి తీసుకున్నారు. ప్రతిసారీ ఇంత సులువుగా అవుతుందని చెప్పను.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో నేనే ఒకరిని ఖాళీ చేయించాను. పెద్దావిడ, ఆమె కొడుక్కి పాతికేళ్ళు ఉంటాయేమో, మానసిక అనారోగ్యం. అతను అదుపు తప్పినప్పుడు ఆమె అంబులెన్స్ కోసం ఫోన్ చేసేది, అంబులెన్స్‌తో పాటు పోలీసులూ వచ్చేవాళ్ళు. సిటీ లెటర్ పంపింది, ఓనర్ భయపడ్డారు, నేను లీజు రెన్యూ చేయలేదు. ఎక్కడా ఒక్క ప్రశ్న అడగలేదు. ఇల్లు అప్పగించే రోజు ఆమె వంటగదంతా తుడిచి, తాళాలు కవర్లో పెట్టి, దాని మీద నా పేరు రాసి ఇచ్చింది. ఆ కాల్స్ ఏవీ నేరాలు కావు. కాల్ లాగ్, అంటే ఎవరు ఎందుకు ఫోన్ చేశారన్న రికార్డు, ఒకసారి తెప్పించి చదివి ఉంటే నాకు తెలిసేది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"సిటీయే ఖాళీ చేయించమంది కదా, తాళం మార్చేస్తాను." కుదరదు. సిటీ లెటర్ కోర్టు ఆర్డర్ కాదు. హైదరాబాద్‌లో స్టేషన్ నుంచి ఒక మాట వస్తే అద్దెకున్నవాళ్ళు సామాను సర్దుకోవడం చూసి పెరిగాం, ఇక్కడ అలా చేస్తే టెనెంట్ మీ మీద కేసు వేసి గెలుస్తాడు. నోటీసు, కోర్టు, జడ్జి ఆర్డర్, ఆ తర్వాతే ఖాళీ.

"ఇల్లు ఎల్‌ఎల్‌సీ (నా కంపెనీ) పేరు మీద ఉంది, నాకేం కాదు." ఫైన్ కట్టకపోతే చాలాచోట్ల అది ప్రాపర్టీ ట్యాక్స్‌కి కలుస్తుంది, లేదా లీన్‌గా, అంటే తీరేదాకా ఇంటిని అంటిపెట్టుకునే బాకీగా, ఇంటి మీద పడుతుంది. ఇల్లు ఎవరి పేరు మీదుంటే ఏం, అమ్మేటప్పుడు బయటికొస్తుంది.

"మనవాళ్ళకే అద్దెకిస్తే ఈ గొడవలుండవు." ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మొదటిది, మన ఇళ్ళలో గృహహింస లేదా? నేను చూసిన లాగుల్లో మన పేర్లూ ఉన్నాయి. రెండోది, తెలుగువాళ్ళకు మాత్రమే అని ప్రకటన పెట్టడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద నేరుగా తప్పు. గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా ప్రకటనే, స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క సెకను చాలు.

"బ్యాక్‌గ్రౌండ్ చెక్ గట్టిగా చేస్తే చాలు." చేయండి, అందరికీ ఒకే రూల్ పెట్టి చేయండి. అరెస్ట్ అయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. పైగా తలుపు తన్నే మాజీ భర్త మీ అప్లికేషన్‌లో ఉండడు.

"ఈ ఆర్డినెన్సులన్నీ కొట్టేశారట, లెటర్ చెత్తబుట్టలో వెయ్యొచ్చు." లేదు. కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి సిటీలు క్రైమ్ ఫ్రీ రూల్స్‌ని ఓనర్ల మీద రుద్దడం నిషేధం, నిజమే. అక్కడ హెస్పీరియా అనే ఊరి మీద కేంద్ర న్యాయశాఖే 2019లో కేసు వేసింది, 2022లో దాదాపు 9,50,000 డాలర్లకు రాజీ అయింది. మినసోటాలో ఫారిబో అనే ఊరు కూడా అదే ఏడాది 6,85,000 డాలర్లు కట్టింది. ఇలినాయ్‌లో 2015 చట్టం గృహహింస బాధితులకు, వికలాంగులకు రక్షణ ఇస్తుంది. కానీ చాలా రాష్ట్రాల్లో ఊళ్ళు ఈ ఆర్డినెన్సులను ఇంకా అమలు చేస్తున్నాయి. లెటర్‌కి జవాబివ్వకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క కడతారు. అప్పీల్ గడువు కొన్నిచోట్ల పది రోజులే.

ఆ గడువు దగ్గరే మనవాళ్ళు ఎక్కువ దెబ్బ తింటున్నారు. సిటీ లెటర్ కౌంటీ రికార్డులో ఉన్న అడ్రస్‌కి వెళ్తుంది. మీరు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళి మూడేళ్ళయింది, రికార్డులో మాత్రం పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ అలాగే ఉంది. ఒకాయనకు మొదటి లెటర్, రెండో లెటర్ అలాగే పోయాయి, మూడోది 1,100 డాలర్ల బిల్లుగా ట్యాక్స్‌లో కనిపించింది. ఇళ్ళ రికార్డులు ఉంచే కౌంటీ ఆడిటర్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి పేజీ తెరిచి మెయిలింగ్ అడ్రస్ ఈ రోజే చూసుకోండి.

లెటర్ వస్తే కంగారు పడి టెనెంట్‌కి ఫోన్ చేయకండి. ముందు సిటీకి పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ పెట్టి ఆ కాల్స్ లాగ్ తెప్పించండి. ఎవరు ఫోన్ చేశారు, ఎందుకు చేశారు, ఏమైంది అని వరసగా చదవండి. ఒకసారి నేను తెప్పించిన లాగ్‌లో తొమ్మిది కాల్స్ ఉంటే నాలుగు పక్కింటాయన పార్కింగ్ మీద చేసినవి, రెండు అంబులెన్స్ కోసం, ఒకటి అసలు మా ఇంటి నంబరే కాదు. మిగిలినవి రెండు, ఆ ఆర్డినెన్స్‌కి మూడు కావాలి. లాగ్ రావడం ఆలస్యమవుతుందనిపిస్తే అప్పీల్ మాత్రం గడువులోపు వేసేయండి, వివరాలు తర్వాత పంపుతామని అందులోనే రాయండి. లెటర్ వచ్చిన కవరు పారేయకుండా దాని మీద పోస్ట్‌మార్క్ తేదీ కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి, గడువు ఎప్పటినుంచి లెక్కపెట్టాలన్న దగ్గర గొడవ వస్తే ఆ ఫోటో పనికొస్తుంది.