పిన్ని ఫోనూ పాల మీగడా

"ఒరేయ్, గ్రైండరు కొని 22 ఏళ్ళయింది. రాయి అరిగిందే కానీ తిరగడం మానలేదు. ఈ ఫోనుకి 4 ఏళ్ళకే ముసలితనమేమిట్రా?" అంది మా పిన్ని. 25 శాతం ఉందని చూపిస్తూనే టపీమని ఆరిపోతోందిట. అదీ వీడియో కాల్‌లో మనవడు కనబడగానే.

చిప్పులూ తెరా, కింద పడెయ్యకపోతే, చాలా ఏళ్ళే వస్తాయి. ముందు ముసలయ్యేది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. దాని వెనకున్న గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడినఫ్‌కు 97 ఏళ్ళు. బ్యాటరీకంటే మనిషే గట్టి!

చార్జింగ్ పెట్టగానే లిథియం అయాన్లు ఒక ధ్రువం నుంచి ఈదుకుంటూ వచ్చి రెండోవైపు గ్రాఫైట్ పొరల మధ్య దూరతాయి. నిండా పట్టించినా 6 కార్బన్లకు 1 లిథియమే పడుతుంది. ఫోను వాడుతుంటే అవే అయాన్లు వెనక్కి పోతాయి. ఈ రాకపోకల్లో ఒక్కటీ తప్పిపోకపోతే బ్యాటరీ చిరంజీవే. తప్పిపోతాయి. ఎక్కడంటే, మీగడలో.

పాలు కాచి దించితే పైన మీగడ కడుతుంది కదా. బ్యాటరీలోని ద్రవానికి చార్జయిన గ్రాఫైట్‌ని తాకితే విరిగిపోయే గుణం ఉంది. ఫ్యాక్టరీలో మొదటిసారి చార్జ్ చేసినప్పుడే గ్రాఫైట్ మీద పల్చటి పొర కట్టేస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఎస్.ఇ.ఐ. అంటారు, నేను మీగడ అంటాను. అది మంచిదే. లిథియాన్ని పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపుతుంది, కింద ఇంకా విరగకుండా కాస్తుంది. చిక్కేమిటంటే, లిథియం దూరినప్పుడు గ్రాఫైట్ సుమారు 10 శాతం ఉబ్బుతుంది, పోయాక ముడుచుకుంటుంది. మీగడ పగులుతుంది. ఆ పగుల్లో కొత్త మీగడ. కట్టిన ప్రతిసారీ కాస్త లిథియం అందులో ఇరుక్కుపోతుంది. మీగడ పెరుగుతుంది, పాలు తగ్గుతాయి. (మన మీగడైతే వెన్న తీసి నెయ్యి కాచుకోవచ్చు. ఇక్కడ ఆ ఆశ కూడా లేదు.)

ఎంత తగ్గుతాయి? ఒక్కో విడతకు, అంటే ఒకసారి నిండా ఎక్కి పూర్తిగా దిగేసరికి, 2000 అయాన్లలో 1 మాత్రమే పోయిందనుకోండి. 0.9995ని 500 సార్లు హెచ్చవేస్తే దాదాపు 0.78. అంటే 78 శాతమే మిగులుతుంది. మామూలుగా 80 శాతానికి దిగితే బ్యాటరీ పనైపోయినట్టు లెక్క. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం అక్కడ అమ్మే ఫోను బ్యాటరీ 800 విడతల తర్వాత కూడా 80 శాతం నిలబడాలి. రోజుకో విడత చొప్పున చూస్తే రెండేళ్ళ రెండు నెలలు. ఇవాళ సగం, రేపు సగం ఎక్కిస్తే రెండూ కలిపి ఒక విడతే.

ఇక మనవడి సంగతి. మీగడ మందమైన గిన్నె వంచి చూడండి. పాలుంటాయి, ధార రాదు. వీడియో కాల్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. మీగడ పేరుకుని లోపలి నిరోధం (కరెంటుకు అడ్డు) పెరిగిన బ్యాటరీలో వోల్టేజి దబ్బున పడిపోతుంది, ఫోను ఆరిపోతుంది. 25 శాతం అబద్ధం కాదు. పాలున్నాయి, మీగడ అడ్డం పడింది.

వేడికి ఈ మీగడ ఇంకా జోరుగా కడుతుంది. ఇలాంటి చర్యలు 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతాయని రసాయనంలో ఒక మోటు లెక్క. మే నెల ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోను తగిలించి, మ్యాప్ పెట్టి, పైగా చార్జింగ్ కూడా పెట్టేవాళ్ళను చూస్తే నాకు పాలు పొంగుతున్న వాసనే వస్తుంది. మంగళవారం కొత్త ఫోను తెరవనివాళ్ళ మీద నాకు కోపం లేదు, బ్యాటరీకి వారంతో పనిలేదు. కానీ "పూర్తిగా సున్నాకి దింపి ఎక్కించాలి" అనే ఆచారముందే, అది నికెల్ కాడ్మియం రోజులది. దీనికి హానే. ఎప్పుడూ 100లో ఉంచడమూ అంతే. 20కీ 80కీ మధ్య తిప్పితే హాయిగా ఉంటుంది.

పిన్ని ఫోనుకి బ్యాటరీ మార్పించాం. రిపేరు కుర్రాడు వెనక మూత వేడిచేసి తీస్తే పాతది కాస్త పూరీలా పొంగి ఉంది. కొత్తది వేశాక కాల్ మధ్యలో ఆగలేదు. వారం తర్వాత బ్యాంకు యాప్ మాత్రం, "మీ ఫోను సాఫ్ట్‌వేర్ పాతది" అని తలుపేసుకుంది. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 మొదలుకొని కొన్ని ఫోన్లకు 7 ఏళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నారు కానీ పిన్నిది ఆ కోవలోది కాదు. ఇప్పుడది వంటింట్లో, గ్రైండరు పక్కన, పాటలు పాడుతోంది.