చార్టు టీచరు గురించి

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మమ్మా నేనూ కులాసాగా ఉన్నాం. పెరట్లో మామిడి చెట్టు పూత పట్టింది. ఈసారి మంచు ఎక్కువగా ఉంది, ఎంత నిలుస్తుందో చూడాలి.

మొన్న ఆదివారం ఫోనులో మీ బడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన కొత్త టీచరు గురించి ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ చెప్పారు. ఆవిడ లోపలికి రాగానే "పిల్లలూ, సమోసా ఏ ఆకారంలో ఉంటుంది?" అని అడిగిందనీ, వెనక బల్ల నుంచి ఎవరో "ఉల్లిపాయ సమోసానా, ఆలూ సమోసానా టీచర్?" అన్నారనీ, క్లాసంతా గొల్లుమన్నదనీ, గోడకు తగిలించిన చార్టు రెండుసార్లు ఊడిపడిందనీ, మధ్యలో ఏదో ప్రశ్న అడిగి మరిచిపోయినట్టు అలాగే నిలబడిపోయిందనీ. 'చార్టు టీచరు' అని పేరు కూడా పెట్టేశారట. అబద్ధమెందుకు, సమోసా దగ్గర నేనూ గట్టిగానే నవ్వాను. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. యాభై ఏళ్ల కిందట అలాంటి చార్టే పట్టుకుని ఒక క్లాసు ముందు నిలబడినవాణ్ణి నేను.

బల్లకు అటువైపు ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పరు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఆవిడ ఇంకా టీచరు కాలేదు, కాబోతున్న టీచరు. అలాంటివారిని ఛాత్రోపాధ్యాయులు అంటారు. ఛాత్రుడంటే శిష్యుడు. అంటే ఒకే మనిషి సగం శిష్యుడు, సగం గురువు. బి.ఇడి. చదువు మా రోజుల్లో ఒక్క ఏడాదే, 2015 నుంచి రెండేళ్లు చేశారు. అందులో కొన్ని వారాలు నిజమైన బడికి వెళ్లి, నిజమైన పిల్లలకు పాఠాలు చెప్పాలి. చెప్పబోయే ప్రతి పాఠానికీ ముందు రోజు రాత్రి పాఠ్యపథకం రాసుకోవాలి. ఉద్దేశాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు, నల్లబల్ల మీద రాయబోయేది, మూల్యాంకనం, ఇంటిపని, అన్నిటికీ గళ్లు ఉంటాయి. వెనక బల్ల మీద ఒక లెక్చరరు కూర్చుని, ఆ గళ్లలో రాసింది జరిగిందా లేదా చూసి మార్కులు వేస్తారు. మీరు నవ్వుతున్నప్పుడు ఆవిడకు ఎదురుగా కనిపిస్తున్నది మీరు ఒక్కరే కాదన్నమాట.

ఆ గళ్లలో మొదటిది ప్రేరణ, దాని తరువాత శీర్షికా ప్రకటన. పాఠం పేరు టీచరు తానుగా చెప్పకూడదు. పిల్లలకు తెలిసిన విషయాలు అడుగుతూ అడుగుతూ వాళ్ల నోటి నుంచే రప్పించాలి. 'త్రిభుజం' అన్న మాట మీ నోట రప్పించడానికే ఆ సమోసా వచ్చింది. తెలిసినదాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాని దగ్గరికి పోవాలని జర్మనీలో హెర్బార్ట్ అనే తత్త్వవేత్త రెండు వందల ఏళ్ల కిందట చెప్పాడు. ఆయన శిష్యులు దానికి ఐదు మెట్లు కట్టారు. ఆ మెట్లు దేశాలు దాటి మన శిక్షణ కాలేజీలకు వచ్చి, ఇక్కడ గళ్లుగా గట్టిపడ్డాయి. ఆలోచన మంచిదే. అయితే నన్నడిగితే సమోసా మంచి ఉదాహరణ కాదు. చేతిలోకి తీసుకుని చూడండి, దానికి కడుపు ఉంటుంది. త్రిభుజానికి కడుపు ఉండదు. మీలో ఒక్కరైనా "సమోసా త్రిభుజం కాదు కదా టీచర్" అని ఉంటే ఆ పీరియడ్ వేరేగా నడిచేదేమో.

ఇక ఆవిడ ప్రశ్న అడిగి మరిచిపోయినట్టు నిలబడటం. మరిచిపోయి కాదు, కావాలని ఆగి ఉంటుందని నా అనుమానం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు క్లాసులను రికార్డు చేసి విన్నది. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ చెయ్యి ఎత్తనివాళ్లు ఎత్తారు, 'తెలియదు' అనడం తగ్గింది. మూడు సెకన్లే. కానీ యాభై మంది కళ్లు మీద పడుతుండగా మూడు సెకన్లు నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు అది అలవాటు కావడానికి నాలుగైదేళ్లు పట్టింది. మనసులో ఎక్కం చదువుకుంటూ ఆగేవాణ్ణి.

ఇప్పుడు నా సంగతి. ముందు నవ్వుకునేది చెబుతాను.

1976లో నేను బి.ఇడి. చదువుతుండగా పాఠం హుషారుగా చెప్పాలని మహా ఉబలాటంగా ఉండేది. నీటి చక్రం పాఠాన్ని బుర్రకథగా కట్టాను. తలపాగా చుట్టాను, అందెలు దొరక్క కాలికి గజ్జెలు కట్టుకున్నాను, ఇద్దరు మిత్రులను వంతలుగా నిలబెట్టాను. సముద్రుడు, సూర్యుడు, మేఘరాజు. పక్క క్లాసులవాళ్లు కిటికీలకు వేలాడారు. చప్పట్లే చప్పట్లు. మర్నాడు వెళ్లి "నీళ్లు మరగకుండానే ఆవిరి ఎలా అవుతాయి?" అని అడిగాను. నిశ్శబ్దం. చివరికి ఒక పిల్లవాడు లేచి, ఎంతో సహాయం చేస్తున్నట్టు, "తందాన తాన సార్" అన్నాడు.

వాడిది తప్పు కాదు. ఆ నలభై ఐదు నిమిషాలూ ఆలోచించింది నేను, ఆడింది నేను, పాడింది నేను. వాళ్లకు మిగిలింది తాళం వేయడమే.

తరువాతి వారం లెక్కల పాఠం, ఎనిమిదో తరగతికి వృత్త పరిధి. ఈసారి బుద్ధి వచ్చి మూడు రంగుల్లో అందమైన చార్టు వేశాను. పరిధి ఎరుపు, వ్యాసం నీలం, సూత్రం ఆకుపచ్చ. పిల్లలు సూత్రం నోట్సులో ఎక్కించుకున్నారు, నాలుగు లెక్కలు చేశారు. మా లెక్చరరు గారు పరిశీలన పుస్తకంలో రెండు ముక్కలే రాశారు: "చార్టు బాగుంది. పిల్లలు ఏం చేశారు?" మొదటి వాక్యం చదివి పొంగిపోయాను. రెండో వాక్యం హాస్టలుకు వెళ్లాక అర్థమైంది.

తరువాతి పాఠానికి చార్టు హాస్టల్లోనే వదిలేశాను. ఇంట్లో గుండ్రంగా ఉన్నది ఏదైనా తెమ్మని పిల్లలకు అంతకుముందు రోజే చెప్పి ఉంచాను. సత్తుగిన్నె మూతలు, రూపాయి బిళ్ల, సైకిలు బెల్లు మూత, జల్లెడ, గాజులు వచ్చాయి. ఒకడు బండి చక్రం తేబోతే వాళ్ల నాన్న ఒప్పుకోలేదట. చుట్టూ దారం చుట్టి, దాన్ని విప్పి స్కేలు మీద కొలవండి, అడ్డంగా వెడల్పు కొలవండి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి, అంతే చెప్పాను. సూత్రం మాట ఎత్తలేదు. చిన్నదైనా పెద్దదైనా మూడు పాయింటు ఏదో వస్తున్నది. 3.1, 3.2, 3, మళ్లీ 3.1. బిళ్లకూ జల్లెడకూ ఒకటే ఎలా వస్తున్నదని వాళ్లలో వాళ్లకు గుసగుసలు మొదలయ్యాయి. నాకు లోపల పండుగ.

అప్పుడు మూడో బల్లలో ఒక అమ్మాయి, "నాకు 3.58 వచ్చింది సార్" అన్నది.

సరిగా కొలవలేదు, మళ్లీ కొలువు అన్నాను. మళ్లీ అంతే. నేనే వెళ్లి దారం చుట్టాను. 20.4 సెంటీమీటర్లు, సరిగానే ఉంది. వ్యాసం ఎంత అంటే 5.7 అన్నది. భాగిస్తే 3.58 వచ్చి తీరుతుంది. వెనక బల్ల మీద లెక్చరరు గారు కళ్లజోడు సర్దుకుంటున్నారు. నాకు చెమట పట్టింది.

"వ్యాసం దేనితో కొలిచావమ్మా?" అని అడిగాను. "కొలవలేదు సార్. అది 2-4 గాజు" అన్నది, అంతమాత్రం తెలియదా అన్నట్టు. వాళ్లు తిరునాళ్లలో గాజులు అమ్మేవాళ్లు. 2-4 అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో నాలుగు. అంటే రెండుంపావు అంగుళాలు, 5.7 సెంటీమీటర్లు. ఆ లెక్క నాకు కొత్త. మీ అమ్మమ్మ పెట్టెలో 2-6 అని రాసి ఉన్నవీ అంతే, రెండు అంగుళాల మీద పదహారింట ఆరు. భిన్నాలు రావని నేను అనుకున్న పిల్ల పదహారో వంతుల్లో వ్యాపారం చేస్తున్నది.

మరి 3.58 ఎందుకు వచ్చింది? నాకు తోచలేదు. ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. ఆ ఆగడం మేరీ బడ్ రో చెప్పిన ఆగడం కాదు, గొంతు ఎండిపోవడం. ఆ అమ్మాయి గాజును అటూ ఇటూ తిప్పి చూసి నెమ్మదిగా అన్నది: "సైజు అంటే చెయ్యి దూరడానికి కదా సార్. అది లోపలి కొలత. దారం నేను పైన చుట్టాను."

అది లక్క గాజు, నాలుగు మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా కలిపితే ఎనిమిది. బయటి వ్యాసం 6.5. ఇప్పుడు 20.4ను 6.5తో భాగించండి. కాగితం మీద చేయండి, ఫోను మీద వద్దు. పరిధిని వ్యాసంతో భాగిస్తే రావలసిన π (పై) విలువకు ఆ రోజు క్లాసు మొత్తంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన జవాబు ఆ గాజుదే.

నా పాఠ్యపథకంలో ఆర్యభటుడి గురించి ఒక వాక్యం ప్రేరణ గడిలో రాసి ఉంది. చార్టు పాఠంలో దాన్ని అప్పజెప్పినప్పుడు ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఈ గాజు గొడవ అయ్యాక మళ్లీ చెప్పాను. క్రీ.శ. 499లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆయన ఇలా లెక్కకట్టాడు: నూటికి నాలుగు కలుపు, ఎనిమిదితో హెచ్చవేయి, అరవై రెండు వేలు కలుపు, ఇరవై వేల వ్యాసం ఉన్న వృత్తానికి అది పరిధి. చేసి చూస్తే 62,832. ఇరవై వేలతో భాగిస్తే 3.1416. అంత చేసీ ఆయన దాన్ని 'ఆసన్నం' అన్నాడు, అంటే దగ్గర దగ్గర, సుమారు. దారం సాగి, స్కేలు జారి, 3.2 వచ్చిన పిల్లలకు ఆ 'సుమారు' అన్న మాట భలే నచ్చింది. ఒకడు తన పుస్తకంలో 3.2 పక్కన 'ఆసన్నం' అని రాసుకున్నాడు.

గంట కొట్టేశారు. మూల్యాంకనం గడి ఖాళీ, ఇంటిపని ఇవ్వలేదు, నల్లబల్ల మీద రాయవలసినవి సగం రాయలేదు. మార్కులు పోయినట్టే అనుకున్నాను. వెనక్కి చూస్తే మా లెక్చరరు గారు ఆ అమ్మాయి దగ్గర గాజు అడిగి తీసుకుని, తానే దారం చుట్టుకుంటూ కూర్చున్నారు. ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయలేదు.

ఆ తరువాత ఉద్యోగంలో రోజూ ఇలాగే చెప్పానని అనుకోకండి. పదింట తొమ్మిది రోజులు నల్లబల్ల మీద లెక్కలు చేయించినవాణ్ణే. అరవై మంది పిల్లలు, పూర్తి చేయవలసిన సిలబస్, మార్చిలో పరీక్షలు. ఎక్కాలు బట్టీ పట్టించాను కూడా, అది తప్పని ఇప్పటికీ అనుకోను. కాకపోతే పిల్లలు అడ్డదిడ్డంగా జవాబు చెప్పినప్పుడు 'తప్పు, కూర్చో' అనే ముందు ఒకసారి గాజు గుర్తుకొచ్చేది.

ఇలాంటి పనిని ఒక పీరియడ్‌కు కాక ఏళ్ల తరబడి చేసినవాళ్లున్నారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడుల్లో సైన్సును ప్రయోగాలతోనే నేర్పడం మొదలుపెట్టారు. నలుగురేసి పిల్లలు ఒక జట్టు. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు! మీ కళ్లు మెరిసి ఉంటాయి. కానీ పుస్తకం తెరిచినా జవాబు అందులో దొరకని ప్రశ్నలు వేసేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. నాకది బాధ కలిగించిన సంగతి, ఇక్కడ ఎక్కువ రాయను.

అక్కడికి 1978లో అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లాడు. అగ్గిపుల్లలనూ సైకిలు వాల్వ్ ట్యూబునూ కలిపి బొమ్మలు కట్టడం అక్కడే మొదలైంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే మీ టీచరు చెబుతున్నది త్రిభుజాల పాఠం కదా. సైకిలు షాపులో వాల్వ్ ట్యూబు ఒక జానెడు అడిగి తెచ్చుకోండి. సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించండి. అగ్గిపుల్లల మందు అమ్మ చేత గీకించండి, మీరు బ్లేడు పట్టకండి. ముక్కకు అటొక పుల్ల ఇటొక పుల్ల దూర్చితే కీలు అవుతుంది. మూడు పుల్లలతో ఒక త్రిభుజం, నాలుగు పుల్లలతో ఒక చతురస్రం చేయండి. రెంటినీ పక్క నుంచి వేలితో నొక్కండి. ఒకటి వంగిపోతుంది, ఒకటి మొండికేస్తుంది. ఆ తరువాత మీ ఊరి బయట పెద్ద కరెంటు టవరును పైనుంచి కిందిదాకా చూసి రండి.

సోమవారం వాటిని బడికి పట్టుకెళ్లి ఆ టీచరుకు చూపించి, ఎందుకలా అని అడగండి. ఆవిడకు వెంటనే తోచకపోవచ్చు. ఆగండి. మీరూ మూడు దాకా లెక్కపెట్టండి. చార్టు మళ్లీ ఊడిపడితే ఎవరైనా లేచి రెండో వైపు పట్టుకోండి, ఒక మేకుకు అంత బరువు ఆగదు.

అమ్మమ్మ మీకు సున్నుండలు చేసి డబ్బాలో పెట్టింది, మీ మామయ్య వచ్చేటప్పుడు తెస్తాడు. వచ్చే ఆదివారం ఫోను చేయండి. టవరులో త్రిభుజాలు ఎన్ని లెక్కపెట్టారో చెప్పండి. అన్నట్టు, అంత సేపు ఆ టీచరు గురించి చెప్పారు గానీ ఆవిడ పేరేమిటో చెప్పలేదు. కనుక్కుని చెప్పండి.

ఇట్లు
మీ తాతయ్య