పార్కుకు వెళ్లొచ్చినా తల తేలికపడదెందుకు?

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నడవడానికి రెండు దారులున్నాయి. ఒకటి కంచె బయట, రోడ్డును ఆనుకుని సాగే వాక్‌వే. రెండోది టికెట్ తీసుకుని గేటు దాటితే వచ్చే లోపలి బాట. కాళ్లకు రెండూ ఒకటే, మనసుకు కావు. బయటి దారిలో గంటసేపు నడిచి కూడా చిరాకుగానే ఇల్లు చేరామంటే అందులో వింతేమీ లేదు. ఆ గంటంతా మెదడు ట్రాఫిక్‌ను కాచుకుంటూనే ఉంది.

పనిగట్టుకుని నిలిపే దృష్టి వేరు, దానంతటది మళ్లే దృష్టి వేరు. సందులోంచి దూసుకొచ్చే ఆటోను కనిపెట్టడం, గోల మధ్య లెక్కలు చూడటం మొదటి రకం. అడ్డొచ్చే ప్రతిదాన్నీ పక్కకు నెడుతూ ఉండాలి కాబట్టి అది అలసిపోతుంది. అలిసిందంటే చిన్నమాటకే కోపం వస్తుంది, చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. కదిలే ఆకులు, నీటి మీద ఎండ, పిట్ట కూత రెండో రకాన్ని మెత్తగా పట్టుకుంటాయి. మన నుంచి ఏమీ అడగవు. ఆలోగా మొదటిది తేరుకుంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ 1989లో వివరించిన సిద్ధాంతం ఇదే. 2008లో అక్కడే మార్క్ బెర్మన్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. కొందరిని ఒకసారి చెట్ల తోటలో, మరోసారి ఊరి నడిబొడ్డున దాదాపు 50 నిమిషాలు నడిపించి, విన్న అంకెలను చివరి నుంచి మొదటికి చెప్పమంది. తోటలో నడిచాక బాగా చెప్పారు, ఊళ్లో నడిచాక అంత మేలు కనబడలేదు. చలిలో, నడక పెద్దగా నచ్చని రోజుల్లోనూ తోట ఫలితం నిలిచింది.

అందుకే రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నామన్నది చూసుకోవాలి. వాహనాల బారు నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 మీటర్ల నుంచి 80 మీటర్లకు జరిగితే 9 డెసిబెల్స్ తగ్గి, చెవికి మోత దాదాపు సగమైనట్టు ఉంటుంది. చెట్లు శబ్దాన్ని ఆపేస్తాయనుకుంటాం గానీ, కంచె వెంట ఒక్క వరుస ఉంటే ఒరిగేది చాలా తక్కువ. 30 మీటర్ల మందాన చెట్లూ పొదలూ దట్టంగా అల్లుకుంటే 5 నుంచి 8 డెసిబెల్స్ తగ్గొచ్చు. బండరాయి ఇంకా నయం. కూర్చున్న చోటి నుంచి రోడ్డు కనబడకుండా గుట్టో మట్టిదిబ్బో అడ్డొస్తే చాలు, సుమారు 5 డెసిబెల్స్ అక్కడికక్కడే తగ్గుతాయి. హైదరాబాద్‌కు గ్రానైట్ గుట్టలు పుట్టుకతో వచ్చిన ఆస్తి. వాటిని పేల్చి, చదును చేసి, పచ్చిక పరిచి పార్కు అనడం నిజంగా బాధాకరం. పొడవాటి తొడిమల వల్ల రావి ఆకులు చిన్నగాలికే గలగలమంటాయి, ఆ చప్పుడు దూరపు హోరును కొంత కప్పేస్తుంది. నీడకైతే వేప, కానుగ.

చోటు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి కళ్లు మూసుకుని ఒక నిమిషం వినండి. ఆకులూ పిట్టలూ వినబడితే కూర్చోండి. హారన్లే ముందు వినబడితే ఇంకా లోపలికి జరగండి. ఎప్పుడు మోగుతుందో తెలియని హారన్ ఎడతెగని హోరు కన్నా ఎక్కువగా దృష్టిని లాగేస్తుంది కాబట్టి సిగ్నళ్లున్న మూలలు వద్దు.

ఇక ఎంతసేపు? 2019లో మేరీకరోల్ హంటర్ బృందం 8 వారాలపాటు, పచ్చదనం మధ్య కాసేపు గడిపి వచ్చిన నగరవాసుల లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను కొలిచింది. 20 నుంచి 30 నిమిషాల మధ్య అది అన్నిటికన్నా వేగంగా తగ్గింది, ఆపైన కూడా తగ్గింది గానీ నెమ్మదిగా. అయితే ఆ నిమిషాల్లో ఫోన్, కబుర్లు, చదవడం, చెమటపట్టే వ్యాయామం ఏవీ ఉండకూడదని షరతు పెట్టారు. మన పార్కుల్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతి గడియారంలో అడుగుల లెక్క ఉంటే అలసిన దృష్టికే ఇంకో పని అప్పగించినట్టు. వ్యాయామం చేయండి, తప్పకుండా. దాని తర్వాత మరో 20 నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే సరిపోదు, బండి డిక్కీలో వదిలేయండి. మొదటి ఐదారు నిమిషాలు విసుగ్గా ఉంటుంది, ఆఫీసు సంగతులన్నీ ముసురుకుంటాయి. చాలామంది అప్పుడే లేచిపోతారు. వాటిని తోలెయ్యాలని పెనుగులాడక, ఉడతనో చీమల బారునో చూస్తూ ఉండండి.

చలికాలంలో తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చటి పొర మూతలా నిలుస్తుంది. పొగ, దుమ్ము కిందే చిక్కుకుంటాయి. ఆ నెలల్లో 5 గంటలకే పరుగెత్తే కన్నా ఎండ పొడ తగిలాక వెళ్లడం ఊపిరితిత్తులకు మంచిది. ఎండాకాలంలో 7 లోపే ముగించాలి. వానాకాలంలో నిండు చేతుల చొక్కా వేసుకోండి, డెంగీ దోమ కుట్టేది పగలే.

పార్కు దూరమైనవాళ్లకు కిటికీ ఉంది. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులను రోజర్ ఉల్రిక్ 23 జతలుగా పోల్చి 1984లో ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులు, ఇటుక గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఘాటైన నొప్పి మందులూ మొదటివాళ్లకే తక్కువ పట్టాయి. పనిచేసే బల్లను కిటికీకి పక్కవాటుగా తిప్పితే తలెత్తగానే చెట్టు కనబడుతుంది, వెలుగు కళ్లలో కొట్టదు. ఎదురుగా చెట్టే లేకపోతే తొలకరిలో కరెంటు తీగలకు దూరంగా 2 అడుగుల గుంత తీసి కానుగ నాటండి. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలి. మొదలు చుట్టూ కనీసం 3 అడుగుల మేర సిమెంటు పడనివ్వకండి.